పోయిన చెరువును పట్టికలోంచి తీసేయవచ్చా?

ఉండి కాలువ గట్టు:

నేను భీమవరం దగ్గర ఒక డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తూ, సెలవు రోజుల్లో పీహెచ్‌డీ పని చేసుకుంటున్నాను. వనామి రొయ్యల సాగులో సీడు (చెరువులో వదిలే రొయ్య పిల్లల) సాంద్రత నా పరిశోధనాంశం. ఉండి పరిసరాల్లో ఆరు చెరువులను ఎంచుకుని, మూడింటిలో చదరపు మీటరుకు 30 చొప్పున, మూడింటిలో 60 చొప్పున సీడు వేసిన రైతుల లెక్కలను పంట పొడవునా వారం వారం రాసుకున్నాను. వనామికి కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ అనుమతించే గరిష్ఠ సాంద్రత ఆ 60; మన లెక్కలో ఎకరాకు రెండు లక్షల నలభై వేల పిల్లల పైమాటే.

60 చొప్పున వేసిన చెరువుల్లో ఒకటి నలభై ఎనిమిదో రోజున తెల్లమచ్చ వైరస్‌తో పోయింది. పట్టుబడికి కూడా ఏమీ మిగలలేదు. మిగిలిన రెండింటిలో బతికినవి 82, 78 శాతం. 30 చొప్పున వేసిన మూడింటిలో 85, 80, 78 శాతం. పోయిన చెరువును వదిలేస్తే సగటులు 80, 81 అవుతాయి కనుక రెండు పద్ధతులకూ తేడా లేనట్టే, పైగా దిగుబడి దాదాపు రెట్టింపు. దానిని సున్నాగా కలిపితే 60 సాంద్రత సగటు 53కు పడిపోతుంది.

వ్యాధి మన అంశం కాదని, ఒక్క చెరువు వల్ల పత్రమంతా పాడవుతుందని, మొదటి నుంచీ ఐదు చెరువులే తీసుకున్నట్టు రాయమని మా గైడు గారు సూచించారు. ఆయన చెడ్డవారు కారు. నా ఫీజు కట్టడానికి ఒక ఏడాది ఆయనే చేబదులు ఇచ్చారు. అందువల్లనే ఈ ప్రశ్న ఆయనను అడగలేక ఇక్కడ అడుగుతున్నాను. ఇటువంటి చోట మీరేం చేశారు?

మార్టేరు దారి:

మాస్టారూ, నేను చాలా ఏళ్లు వరి ప్రయోగ క్షేత్రాల్లో పనిచేసి రిటైరయ్యాను. మీకు వచ్చిన సందేహం పొలం ప్రయోగాలంత పాతది. ఎలుకలు కొట్టేసిన మడినో, గేదెలు పడి మేసిన మడినో ఏం చేయాలన్న ప్రశ్నకు 1930లో అలన్, విషార్ట్ అనే ఇద్దరు ఒక లెక్క చూపారు. 1933లో యేట్స్ దానిని విస్తరించారు. 'మిస్సింగ్ ప్లాట్' పద్ధతి అంటే అదే. ఆ పద్ధతికి ఒక షరతు ఉంది, తరగతిలో దానిని ఒక్క వాక్యంలో దాటేస్తారు. మడి పోవడానికీ, మనం ఆ మడిలో పరీక్షిస్తున్న విషయానికీ ఏ సంబంధమూ ఉండకూడదు. గేదె పడి మేసిందంటే అది ఏ వంగడమన్న తేడా లేకుండా మేసింది కనుక ఆ మడిని పక్కన పెట్టవచ్చు. ఎత్తుగా పెరిగే వంగడం తుఫాను గాలికి పడిపోయి కుళ్లితే మాత్రం ఆ పడిపోవడమే మీ ఫలితం. దానిని తీసేస్తే ప్రయోగం చెప్పిన మాటనే కొట్టివేసినట్టు.

ఇక మీ చెరువు ఏ కోవకు వస్తుందో మీరే ఆలోచించండి. సీడు ఒత్తుగా వేసినప్పుడు రొయ్య ఒత్తిడికి లోనవుతుందని, జబ్బు ఒకదాని నుంచి ఒకదానికి తొందరగా పాకుతుందని జంతుశాస్త్రం చెప్పే మీకు నేను చెప్పనక్కరలేదు. పక్క చెరువు నీళ్లు కలవడం వల్లనో, పక్షులు మోసుకురావడం వల్లనో వచ్చిందని మీ దగ్గర గట్టి ఆధారం ఉంటే ఆ మాట రాసి, ఆ చెరువును కలిపి ఒకసారి, విడిచి ఒకసారి రెండు లెక్కలూ చూపించండి. ఆధారం లేకపోతే సున్నా సున్నాయే. ఐదు చెరువులే తీసుకున్నామని రాయడం మాత్రం రెండింటిలో ఏదీ కాదు, అది జరగనిదాన్ని జరిగినట్టు రాయడం.

మరొక సంగతి. 1982లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి విడుదలైన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, ఎంత గొప్ప వంగడమో ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. అది రోజుల తరబడి నీట మునిగితే తట్టుకోలేదన్న సంగతి కూడా దాచకుండా రికార్డులకెక్కింది. అందుకే ఒడిశా నాటు వరి నుంచి వచ్చిన ముంపును తట్టుకునే జన్యువును దానిలోకి తెచ్చి స్వర్ణ సబ్-1ను తయారు చేయగలిగారు. మన దేశంలో అది 2009లో విడుదలైంది. మునిగిన మళ్లను పట్టికలోంచి తీసేసి ఉంటే ఆ పని ఎవరికీ తోచేది కాదు.

కోనసీమ అక్షరం:

నాది తెలుగు శాఖ. లంక గ్రామాల్లో ఆడవాళ్లు నాట్లప్పుడు, దంపుళ్లప్పుడు పాడుకునే పాటల మీద పని చేశాను. మాకు చెరువులు పోవు, మనుషులు పోతారు. నేను పని మొదలుపెట్టినప్పుడు అదే ప్రాంతంపై అంతకు ముందు వచ్చిన ఒక సిద్ధాంత గ్రంథం వెనక ఉన్న ఆవేదకుల (పాటలు పాడి వినిపించినవారి) జాబితా పట్టుకుని ఊరూరా తిరిగాను. జాబితాలో ఉన్న ఒక పెద్దావిడ, గ్రంథంలో వేసిన సేకరణ తేదీకి చాలా ఏళ్ల ముందే కాలం చేశారని ఆవిడ కోడలు చెప్పింది. మరో ఇద్దరు తమ దగ్గరకు ఎవరూ రాలేదన్నారు. పాటలు మాత్రం నిజమైనవే, పాత సంకలనాల్లో అచ్చయినవే. ఆ విషయం మా శాఖలో చెప్పినప్పుడు నాకు దొరికిన సమాధానం, "సారూప్యత శాతం తక్కువే వచ్చింది కదమ్మా" అన్నది.

సారూప్యత శాతం అంటే మన రాత ఇతరుల రాతలతో ఎంత కలిసిందో సాఫ్ట్‌వేర్ చెప్పే అంకె. దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం సారూప్యత పది శాతం లోపు ఉంటే శిక్ష లేదు. పది నుంచి నలభై వరకు ఉంటే ఆరు నెలలు మించని గడువులో సరిదిద్ది ఇవ్వాలి. నలభై నుంచి అరవై వరకైతే ఏడాదిపాటు సమర్పించే వీలు లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. నిబంధన మంచిదే. కానీ సాఫ్ట్‌వేర్ పోల్చేది అక్షరాలను. మా రాజమండ్రి డీటీపీ షాపుల్లో అను ఫాంట్లలో కొట్టిన పాత గ్రంథాలు యూనికోడ్‌లో లేవు కనుక వాటి నుంచి పేరాలకు పేరాలు ఎత్తి రాసినా యంత్రానికి కనిపించదు. ఇంగ్లీషు నుంచి తెచ్చి తెలుగు చేసిన పేరా అసలే కనిపించదు. ఇక లేని ఆవేదకురాలినీ, తీసేసిన చెరువునూ ఏ యంత్రం పట్టుకుంటుంది? మాస్టారి పత్రానికి మూడు శాతమే రావచ్చు. మాటలన్నీ ఆయనవే అవుతాయి, లెక్క మాత్రం తప్పుతుంది.

చేపల చెరువు:

నేను బీఎస్సీ చదివి, ఇప్పుడు మా నాన్నగారితో కలిసి పదకొండు ఎకరాలు సాగు చేస్తున్నాను. పరిశోధన సంగతులు నాకు అంతగా తెలియవు. అయితే మాస్టారు రాసే పత్రం జర్నల్లోనే ఉండిపోతుందని ఇక్కడ ఎవరైనా అనుకుంటే పొరపాటు. సీడు, మేత అమ్మేవాళ్లు రైతుల మీటింగు పెట్టినప్పుడు ఇటువంటి పట్టికనే ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి, "సైంటిస్టులే రుజువు చేశారు" అని చూపిస్తారు. 30 వేద్దామనుకున్న కౌలు రైతు ఆ పట్టిక చూసి 60 వేస్తే సీడు ఖర్చూ మేత ఖర్చూ రెట్టింపవుతాయి, ఏరేటర్లకు కరెంటు పెరుగుతుంది. చెరువు పోతే కౌలు డబ్బు ఎవరూ తిరిగి ఇవ్వరు. మూడు చెరువుల్లో ఒకటి పోయిందన్న మాటే మాకు కావలసిన మాట. మిగతావి మాకు తెలిసినవే.

కెమిస్ట్రీ గది:

నేను కాకినాడలో చాలామందికి గైడుగా ఉన్నాను కనుక అవతలి వైపు నుంచి కొంత చెప్పాలి. పత్రం రాకపోతే విద్యార్థి ఆగిపోతాడన్న భయం మాకు బలంగా ఉండేది. 2016 యూజీసీ నిబంధనల్లో థీసిస్ ఇచ్చే ముందు కనీసం ఒక పత్రం అచ్చు కావాలన్న షరతు ఉండేది. 2022లో ఆ షరతును తీసేశారు. నిబంధన పోయినా అలవాటు పోలేదు. నియామకాలకూ పదోన్నతులకూ పత్రాలు లెక్కపెడతారు కనుక నాలుగు రోజుల్లో అంగీకార పత్రం పంపి, ఐదో రోజున రుసుము అడిగే జర్నళ్లు బతికిపోతున్నాయి. యూజీసీ 2018 మే నెలలో తన జాబితా నుంచి నాలుగు వేలకు పైగా జర్నళ్లను తొలగించింది, 2019లో నమ్మదగిన జర్నళ్ల పేర్లతో కేర్ జాబితా తెచ్చింది, 2025 ఫిబ్రవరిలో దానినీ ఆపేసి ఏది మంచి జర్నలో విశ్వవిద్యాలయాలే తేల్చుకోవాలన్నది. అంటే తిరిగి మన మనస్సాక్షి దగ్గరకే వచ్చాం.

నా తప్పు కూడా రాస్తాను. ఒకప్పుడు నేను చదవను కూడా చదవని రెండు పత్రాల మీద నా పేరు ఉంది. నేను కూడా ఒక పత్రం మీద, ఆ ప్రయోగశాలలో అడుగే పెట్టని పెద్దాయన పేరు చేర్చాను. ఆయన అడగలేదు, నేనే చేర్చాను. రచయితగా పేరు ఉండాలంటే పనిలోనో విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాలు, రాతలో పాలు, తుది ప్రతికి ఆమోదం, తప్పు వస్తే జవాబు చెప్పే బాధ్యత, ఈ నాలుగూ ఉండాలని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం నియమం. మనం పాటించేది మర్యాద. రెండూ ఒకటి కావని తెలుసుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

దీనికి తిరగేసిన కథ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన రూపొందించిన, ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925లో అచ్చయింది. నా విద్యార్థులు ఇప్పటికీ ఆ పేరుతోనే నేర్చుకుంటారు. కండరానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని 1929లో వారిద్దరూ వెలికితీశారు. ఫిస్కే అసూయ వల్ల సుబ్బారావు కృషి కొంత వెలుగు చూడలేదని, ఆయన వేరు చేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను ఇతరులు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందని తరువాత నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ చెప్పారు. పని చేసిన మనిషి పేరు దాచడం, పని చేయని మనిషి పేరు అతికించడం, పోయిన చెరువును దాచడం ఒకే కుదురులో మొలిచినవి.

మాస్టారికి నా సలహా ఒకటే. గైడు గారితో ఎదురుగా వాదించవద్దు. వారాల వారీ చెరువు పుస్తకం నకలు తీయించి, మార్టేరు దారి గారు చెప్పిన రెండు లెక్కలనూ పట్టికగా వేసి, ఒక మర్యాదైన ఉత్తరంతో ఆయన బల్ల మీద పెట్టండి. నోటితో చెప్పిన మాటను తోసేసినంత తేలికగా కాగితాన్ని తోసేయలేరు.

ఉండి కాలువ గట్టు:

మూడు వారాల తరువాత వ్రాస్తున్నాను. ఉత్తరం పెట్టాను. ఆయన రెండు రోజులు పలకలేదు, మూడో రోజున పిలిచి, మిస్సింగ్ ప్లాట్ షరతు తనకు గుర్తు లేదని, తన సొంత థీసిస్‌లో కూడా ఒక చెరువు అలాగే మాయమైందని చెప్పారు. తరువాత ఆరు చెరువులతోనే పట్టిక వేయించారు. పత్రం ఇంకా ఏ జర్నలుకూ పంపలేదు.

అయితే కొత్త చిక్కు వచ్చింది. పోయిన చెరువు రైతు తన చెరువు సంగతి అచ్చులో రాకూడదంటున్నారు. ఊరి పేరూ, సీడు వేసిన నెలా చూస్తే ఎవరిదో ఇట్టే తెలిసిపోతుందని, మళ్లీ మేత అప్పు ఇచ్చేవాడు వెనకాడతాడని ఆయన భయం. లెక్కలు రాసుకుంటున్నప్పుడు అచ్చు వేస్తానని ఆయనకు నేను చెప్పలేదు. మిగతా ఐదుగురికీ చెప్పలేదు.

చేపల చెరువు:

ఆయన భయం నిజమే మాస్టారూ. ఆరుగురి దగ్గరకూ వెళ్లి ఇప్పుడైనా అడగండి. ఊరి పేరు తీసేసి మండలం పేరు మాత్రమే ఉంచండి, నెలకు బదులు పంట కాలం రాయండి, చెరువులకు ఒకటి నుంచి ఆరు వరకు అంకెలు వేయండి. అప్పటికీ వద్దంటే ఆ మాట కూడా పత్రంలో రాయాల్సిందే కదా, మార్టేరు దారి గారూ?

మార్టేరు దారి:

రాయాల్సిందే. ఆరు చెరువులు తీసుకున్నామని, వాటిలో 60 సాంద్రత ఉన్న ఒక చెరువు తెల్లమచ్చతో పోయిందని, యజమాని కోరికపై దాని వివరాలు ఇవ్వడం లేదని. ముందు ఆయన ఇంటికి వెళ్లండి, ఫోనులో అడగకండి.