కొత్త కోకటీల్‌ను పాతదాని పక్కన వెంటనే పెట్టొచ్చా, నెల రోజులు విడిగా ఉంచాలా?

ప్రశ్న అడిగినవారు:
మాకు ఒక మగ కోకటీల్ (తల మీద కుచ్చు ఉండే చిన్న చిలుక జాతి పిట్ట) ఉంది, పిల్లప్పటి నుంచీ మా చేతుల మీదే పెరిగింది. ఇప్పుడు నేను రోజూ ఆఫీసుకి వెళ్లాల్సి వస్తోంది, పగలంతా ఒకటే అరుపులని పక్కింటివాళ్లు చెబుతున్నారు. తోడుగా ఇంకోదాన్ని తెద్దామనుకుంటున్నాం. నెల రోజులు వేరే గదిలో ఉంచమని కొందరు, అవసరం లేదని కొందరు అంటున్నారు. మాది డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్.

గోదారి గువ్వ:
అక్కర్లేదండీ. అంత చిన్న ఫ్లాట్‌లో తలుపు వేస్తే గాలి ఆగుతుందా? ఆ గదిలోంచి ఈ గదిలోకి తిరిగేది మీరే కదా. కళ్లు చురుగ్గా ఉన్నాయా, రెట్ట మామూలుగా ఉందా చూసి తెచ్చుకోండి, పంజరాలు పక్కపక్కనే పెట్టండి. కొత్త చోట ఒంటరిగా గదిలో పెడితే బెంగ పెట్టుకుని తిండి మానేస్తుంది.

ఈకల సంచి:
బెంగ సంగతి ఒప్పుకుంటాను గానీ మిగతాది ఒప్పుకోను. చిలుక జాతి పక్షులు జబ్బును బయటపడనివ్వవు, బలహీనంగా కనబడితే వేటాడే జంతువు కన్ను పడుతుంది కాబట్టి ఆఖరి దాకా మామూలుగానే ఉంటాయి. షాపులో కళ్లు చూసి ఏం తేలుస్తాం? సిట్టకోసిస్ అనే బాక్టీరియా జబ్బు ఎండిన రెట్ట దుమ్ములోంచి మనుషులకీ అంటుతుంది, జ్వరం, దగ్గు, ఒక్కోసారి న్యుమోనియా దాకా వెళుతుంది. ఇంట్లో చిన్నపిల్లలో పెద్దవాళ్లో ఉంటే ఇంకా జాగ్రత్త పడాలి. ముక్కు, ఈకలు పాడయ్యే పీబీఎఫ్‌డీ వైరస్‌కి అయితే మందే లేదు.

ఫ్లాట్‌లో గాలి పూర్తిగా ఆగదు, నిజమే. అయినా తలుపు మూసి ఉంచి, ముందు పాతదాని పని చేసుకుని తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లి, బయటికొచ్చి చేతులు కడిగి చొక్కా మార్చుకుంటే జబ్బు అంటుకునే అవకాశం చాలా తగ్గుతుంది. పూర్తిగా ఆపలేం కాబట్టి అసలు ఏమీ చేయొద్దనడం నాకు నచ్చదు. నెల నుంచి నెలన్నర చాలు. వంటింటి డిజిటల్ కాటా మీద రోజూ పొద్దున్నే, గింజలు వేయకముందు, బరువు చూడండి. కోకటీల్ 80 నుంచి 100 గ్రాములు ఉంటుంది, పదో వంతు తగ్గితే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఒకదాని కూత ఇంకోదానికి వినబడుతూనే ఉంటుంది, అదే వాటికి మొదటి పరిచయం.

గోదారి గువ్వ:
డాక్టర్ అంటున్నారు, మా ఊళ్లో పశువుల ఆసుపత్రిలో గేదెలు, కుక్కలు తప్ప పిట్టను పట్టుకునేవాళ్లే లేరు. మరి ఆ నెల రోజులు చూసి ఏం లాభం?

ఈకల సంచి:
డాక్టర్ దూరమైతే విడిగా ఉంచడం ఇంకా ముఖ్యం, రెండూ ఒకేసారి జబ్బు పడితే ఎక్కడికి తీసుకెళ్తాం? ఈకలు కొరియర్‌లో పంపిస్తే పీబీఎఫ్‌డీ పరీక్ష చేసే ల్యాబులు ఉన్నాయి. ఆడా మగా కూడా అప్పుడే తేలుతుంది.

ప్రశ్న అడిగినవారు:
సరే, విడిగానే ఉంచుతాం. తర్వాత ఒకే పంజరంలో వేసేయొచ్చా? పాప లవ్‌బర్డ్ కావాలంటోంది, అది తెచ్చినా పర్వాలేదా?

ఈకల సంచి:
లవ్‌బర్డ్ వద్దండీ. మన షాపుల్లో ఆ పేరుతో అమ్మే బడ్జీలు కాదు, పొట్టి తోక ఉండే ఆఫ్రికా పిట్టల సంగతి చెబుతున్నాను. కోకటీల్‌లో సగం బరువే గానీ కాలివేళ్లు కొరికేస్తాయి, పాపం కోకటీల్ ఎదురు తిరగదు. రామచిలుక ఆలోచన ఉంటే అదీ మానుకోండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పెంచడం నేరం.

ఒకే పంజరంలో వెంటనే వద్దు. ముందు పంజరాలు కాస్త దూరంగా, తర్వాత దగ్గరగా. బయట వదిలేటప్పుడు పాతదాని పంజరం మీద కాకుండా ఇద్దరికీ కొత్తదైన చోట, ఫ్యాన్ ఆపి, కొర్రలు రెండు గిన్నెల్లో వేరువేరుగా పెట్టి వదలండి. కుండ మాత్రం పెట్టకండి, గూడు కనబడితే కొట్లాట మొదలవుతుంది. ఎప్పటికీ కలవకపోవచ్చు కూడా, అప్పుడు రెండు పంజరాలు జీవితాంతం ఉంచాలి, అంటే పదిహేనేళ్లు పైనే. దానికి ఇంట్లో చోటూ మీకు ఓపికా ఉంటేనే రెండోది తెండి, లేదంటే ఉన్నదానికే పొద్దున ఒక గంట ఎక్కువ ఇవ్వండి.