గ్లాస్ వయొలిన్ కన్సర్టో: రెండున్నర శ్రుతి వయొలిన్ మీద కుదురుతుందా?

చిక్కడపల్లి_కమాను:
నమస్కారం. కర్ణాటక పద్ధతిలో వర్ణాలు, కీర్తనలు వాయిస్తాను, స్టాఫ్ నొటేషన్ చదవడం వచ్చు. అమెరికన్ స్వరకర్త ఫిలిప్ గ్లాస్ మొదటి వయొలిన్ కన్సర్టో (ఆర్కెస్ట్రాతో సోలో వయొలిన్ వాయించే రచన, 1987) రెండో భాగం పియానో తోడుతో వాయించాలని ఉంది. నా వయొలిన్ రెండున్నరకి, అంటే డీ షార్ప్‌కి ఉంది. పియానో వాళ్లనే నా శ్రుతికి దించి వాయించమనవచ్చా, నా తీగలే వెస్టర్న్ శ్రుతికి ఎక్కించాలా?

బిరడా:
దించితే సరిపోదండీ. మన వయొలిన్ తీగల శ్రుతి సా పా సా పాలో మూడో తీగకీ రెండో తీగకీ మధ్య ఉన్నది షడ్జమ మధ్యమాల దూరమే. వెస్టర్న్ శ్రుతి జీ డీ ఏ ఈలో ప్రతి జంటకీ షడ్జమ పంచమాల దూరం. గ్లాస్ సోలోకి ప్రాణం తీగ నుంచి తీగకు దాటే ఆర్పెజియోలు (ఒక కార్డ్ స్వరాల్ని ఒకదాని తర్వాత ఒకటిగా వాయించడం). ఆ మధ్య జంట దగ్గర వేళ్లు తప్పుతాయి.

మీ శ్రుతి నుంచి నాలుగు, మూడు తీగలు నాలుగేసి స్వరస్థానాలు, రెండు, ఒకటి తీగలు ఆరేసి ఎక్కాలి. పాత తీగల్ని నమ్మకండి, ఒకటో తీగ బిరడా (తీగ బిగించే మేకు) దగ్గరే తెగుతుంది. కొత్త సెట్ వేయండి, కానీ ఒక్కొక్కటిగా. నాలుగూ ఒకేసారి విప్పితే లోపల నిలబెట్టిన చిన్న కర్ర, సౌండ్ పోస్ట్, పడిపోవచ్చు. బిరడా తిప్పిన కొద్దీ బ్రిడ్జి (తీగల్ని మోసే చెక్క) పైఅంచు ఫింగర్‌బోర్డు (వేళ్లు నొక్కే పలక) వైపు ఒరుగుతుంది. టెయిల్‌పీస్ (తీగల కింది కొస కట్టే ముక్క) వైపున్న బ్రిడ్జి ముఖం నిటారుగా ఉందో లేదో ప్రతిసారీ చూసుకుని, ఒరిగితే రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా వెనక్కి లాగండి. రెండు మూడు రోజులు శ్రుతి జారుతుంది. మన ఊళ్లో వానాకాలం బిరడాలు ఉబ్బి బిగుసుకుంటాయి, బలవంతంగా తిప్పకండి.

మెట్రోనోమ్108:
ఇంకో వయొలిన్ దొరికితే దానికే ఈ జీ డీ ఏ ఈ శ్రుతి ఉంచేయండి. కచేరీకోసారి దించి ఎక్కిస్తే తీగ బతకదు.

రెండో భాగం వేగం నిమిషానికి దాదాపు 108 బీట్లు. మొదటిది 104 నుంచి 120కి వెళ్తుంది, మూడోది 150. మీరు రెండోది ఎంచుకోవడం సరైన పని. అడుగున దిగుతూ మళ్లీ మళ్లీ వచ్చే బేస్ వరుస ఉంటుంది, దాన్ని ఆవర్తంలా (తాళం ఒక చుట్టులా) లెక్కపెట్టి, పార్టులో పెన్సిల్‌తో అంకెలు వేసుకోండి. కర్ణాటక చేతికి ఇది బలం. అందరూ తప్పేది సోలో ఎత్తుగడలోనే: ఒక ఆవర్తం ముందే అందుకుంటారు. 70 దగ్గర మొదలుపెట్టి, తప్పు లేకుండా మూడుసార్లు వచ్చాకే నాలుగేసి పెంచండి. పొడుగు స్వరాల్లో గమకం (స్వరాన్ని ఊపడం) పూర్తిగా ఆపాలి, చిన్న ఊపు కూడా పియానో మీద అపస్వరంలా వినిపిస్తుంది.

చిక్కడపల్లి_కమాను:
కింద కూర్చునే వాయించవచ్చా?

బిరడా:
వాయించవచ్చు. స్క్రోల్ (వయొలిన్ తల చివర చుట్ట) పాదం మీద ఆనితే వాద్యం కదలదు. కానీ వాలు వల్ల కమాను ఫింగర్‌బోర్డు వైపు జారి నాదం పలచబడుతుంది. అద్దం ముందు చూస్తూ, బ్రిడ్జికీ ఫింగర్‌బోర్డుకీ సరిగ్గా నడుమ ఉంచండి. తీగ దాటేటప్పుడు భుజం ఎత్తకుండా ముంజేయి, మణికట్టుతోనే దాటండి. మొదటి భాగం కూడా చేయాలనుకుంటే మాత్రం సికింద్రాబాద్‌లో వెస్టర్న్ నేర్పేవారి దగ్గర భుజం మీద పట్టుకోవడం ముందే మొదలుపెట్టండి.