మొదటిసారి ఆఫ్రికా వేటకు: ఏడు రోజుల్లో ఐదు జంతువులా, పది రోజుల్లో రెండా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి దగ్గర, ఉండేది హ్యూస్టన్‌లో. గ్రీన్ కార్డ్ ఉంది, పాస్‌పోర్ట్ ఇండియాదే. ఆరేళ్లుగా టెక్సస్‌లో జింకలు, అడవి పందులు వేటాడుతున్నాను. ఎప్పుడూ మంచె మీద కూర్చుని, రైఫిల్ ఆనించి కొట్టడమే అలవాటు. వచ్చే జూన్‌లో ఆఫ్రికా వెళ్లాలని ఉంది. దక్షిణాఫ్రికాలోని లింపోపోలో ఒకరు ఏడు రోజులకు ఐదు జంతువులు ఇస్తామంటున్నారు: కుడు, గెమ్స్‌బాక్, బ్లూ విల్డబీస్ట్, ఇంపాలా (ఈ నాలుగూ దుప్పి జాతులే), వార్ట్‌హాగ్ (అక్కడి అడవి పంది). నమీబియాలో ఇంకొకరు పది రోజులకు కుడు, గెమ్స్‌బాక్ రెండే అన్నారు. ఖర్చు ఇంచుమించు ఒకటే. నా రైఫిల్ (థర్టీ-ఓ-సిక్స్) తీసుకెళ్లాలా, అక్కడ అద్దెకు తీసుకోవాలా? మా ఆవిడ కూడా వస్తుంది, తను వేటాడదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

ముళ్ళకంప:
మూడుసార్లు వెళ్లాను. రెండుసార్లు నమీబియా, ఒకసారి లింపోపో. పది రోజులు, రెండు జంతువులదే తీసుకోండి. ఎందుకో చెప్తాను.

నా మొదటి ట్రిప్ మీరు చెప్పిన ఐదు జంతువుల లెక్కే. రోజూ పొద్దున లేవగానే "ఇంకా మూడు మిగిలాయి, నాలుగు రోజులే ఉన్నాయి" అనే టెన్షన్. ఐదో రోజు సాయంత్రం, వెలుతురు తగ్గుతుండగా ఒక గెమ్స్‌బాక్ దొరికింది. ముక్కాలి కర్రల మీద తుపాకీ పెట్టాను, గుండె కొట్టుకుంటోంది, అయినా కొట్టేశాను. తూటా వెనక్కి, పొట్టలోకి వెళ్లింది. చీకటి పడేదాకా జాడ పట్టాం. మర్నాడు మధ్యాహ్నం దాకా ఇద్దరు ట్రాకర్లు, ఒక చిన్న వేటకుక్క కలిసి వెతికితే దొరికింది. పడుకుని కొమ్ములు ఊపుతూ కుక్కను దగ్గరికి రానివ్వలేదు. రాత్రంతా అది అలా బాధపడింది నా తొందర వల్లే. ఇప్పటికీ తలుచుకుంటే మనసు బాగుండదు.

అక్కడ ఒక నియమం ఉంది. రక్తం చుక్క పడిందంటే జంతువు దొరికినా దొరక్కపోయినా ట్రోఫీ ఫీజు (ఒక్కో జంతువుకు కట్టే రేటు) కట్టాల్సిందే. అది న్యాయమే. ఒప్పందంలో రాసి ఉందో లేదో చూసుకోండి.

గోదారిగట్టు:
చాలా థ్యాంక్స్ అన్నా. టెక్సస్‌లో భుజం వెనక మడతలో కొడతాను. అక్కడా అంతేనా?

ముళ్ళకంప:
కాదు తమ్ముడూ, పొరపాటు అక్కడే జరుగుతుంది. ఆఫ్రికా జంతువులకు గుండె, ఊపిరితిత్తులు మన జింకల కంటే ముందుకు, కిందికి ఉంటాయి. పక్కకు తిరిగి నిలబడినప్పుడు ముందుకాలు వెంట నేరుగా పైకి వెళ్లి, ఒంటి ఎత్తులో మూడో వంతు దగ్గర కొట్టాలి. భుజం వెనక మడత చూసి కొడితే వెనక్కి పోతుంది. విల్డబీస్ట్‌కు వీపు మీద ఉబ్బు ఉంటుంది, దాన్ని చూసి మధ్య అనుకుని పైకి కొట్టేస్తారు. గెమ్స్‌బాక్‌లో ఆడదానికి కూడా కొమ్ములుంటాయి, తరచుగా మగదాని కంటే పొడవు. కాబట్టి ఏది కొట్టమంటున్నారో ప్రొఫెషనల్ హంటర్ (అక్కడ అందరూ పీహెచ్ అంటారు) చెప్పేదాకా ఆగండి.

ఇప్పటినుంచి రేంజ్‌లో బెంచ్ మీద కూర్చోవడం మానేయండి. ముక్కాలి కర్రలు కొనుక్కుని నిలబడి కొట్టండి. వంద గజాల్లో అన్నం ప్లేటంత గురి పెట్టుకుని పదికి తొమ్మిది పడేదాకా అదే పని. వంద అడుగులు పరుగెత్తి వచ్చి, ఆయాసంతోనే కర్రల మీద పెట్టి కొట్టడం కూడా అలవాటు చేసుకోండి. మీ థర్టీ-ఓ-సిక్స్ చాలు, 180 గ్రెయిన్ల మంచి బుల్లెట్ వాడండి.

బంగారుగని:
నేను జోహన్నెస్‌బర్గ్‌లో ఉంటాను, ఇక్కడి కాగితాల సంగతి చెప్తాను.

ముందు వీసా. గ్రీన్ కార్డ్ ఉన్నా మీది ఇండియా పాస్‌పోర్ట్ కాబట్టి దక్షిణాఫ్రికాకు ముందే వీసా కావాలి. టికెట్ కంటే ముందు ఆ పని చూడండి. అమెరికన్ స్నేహితులు "వీసా అక్కర్లేదు" అంటే అది వాళ్ల సంగతి.

తుపాకీ తెస్తే ఎస్‌ఏపీఎస్ 520 అనే ఇక్కడి పోలీసుల ఫారం నింపాలి. నల్ల ఇంకుతో నింపి, సంతకం మాత్రం ఎయిర్‌పోర్ట్‌లో పోలీసు ముందే చేయాలి. అమెరికాలో బయల్దేరేముందు కస్టమ్స్ వాళ్ల దగ్గర 4457 ఫారం మీద ముద్ర వేయించుకోండి. దాన్నే ఇక్కడ మీ తుపాకీకి రుజువుగా చూస్తారు. ఔట్‌ఫిట్టర్ (వేట ఏర్పాట్లు చేసేవాళ్లు) ఇచ్చిన ఆహ్వాన లేఖ, టికెట్, పాస్‌పోర్ట్ కాపీలు జతచేయాలి. ఒక్కో తుపాకీకి 200 తూటాలే. సెమీ ఆటోమేటిక్ వద్దు. జోహన్నెస్‌బర్గ్‌లో విమానం మారాల్సి ఉంటే మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉంచుకోండి. ఎక్కడో దేశంలో ఆగి వచ్చే టికెట్ అయితే ఆ దేశం కూడా తుపాకీని ఒప్పుకోవాలి, ఎయిర్‌లైన్‌ను ముందే అడగండి.

ఇంత తలనొప్పి వద్దనుకుంటే క్యాంపు రైఫిల్ అద్దెకు తీసుకోవచ్చు. మొదటి రోజు దాంతో గురి చూసుకుని తీరాలి.

ఎర్రచందనం:
నేను వేటగాణ్ని కాను, అయినా అడుగుతున్నాను. మన దేశంలో 1972 చట్టం వచ్చాక వేట ఆగింది. కంచె లోపల పెంచిన జంతువును డబ్బిచ్చి చంపడం వేటెలా అవుతుంది?

బంగారుగని:
అడగాల్సిన ప్రశ్నేనండి. బోంటెబోక్ అనే దుప్పి కోసం ఇక్కడ 1931లో పార్కు పెట్టినప్పుడు అందులో ఉన్నవి 17. ఒకప్పుడు జంతువులు అంతగా తగ్గిపోయాయి. 1991లో దక్షిణాఫ్రికాలో వచ్చిన చట్టంతో, సరైన కంచె ఉన్న భూమిలోని అడవి జంతువుల మీద రైతుకు యాజమాన్యం వచ్చింది. నమీబియాలో 1975 నాటికే తెల్ల రైతులకు ఇలాంటి హక్కు ఇచ్చారు, 1996లో ఊరుమ్మడి భూముల వాళ్లకూ ఇచ్చారు. పశువులు మేపిన నేలలో మళ్లీ కుడు, జీబ్రా తిరుగుతున్నాయంటే కారణం ఇదే.

కానీ మీరన్న తప్పు జరిగే చోట్లూ ఉన్నాయి. వారం ముందు ట్రక్కులో తెచ్చి వదిలి, కొట్టించేవాళ్లున్నారు. గోదారిగట్టు గారూ, ఈ మూడూ అడగండి: భూమి ఎన్ని హెక్టార్లు, జంతువులు అక్కడే పిల్లలు పెడుతున్నాయా, నేను కొట్టబోయేది అక్కడికి ఎప్పుడొచ్చింది. సూటిగా చెప్పనివాళ్ల దగ్గరికి వెళ్లకండి. నమీబియాలో నాఫా, ఇక్కడ ఫాసా అని ప్రొఫెషనల్ హంటర్ల సంఘాలున్నాయి, వాటిలో సభ్యులేనా అని కూడా చూడండి.

కొబ్బరితోట:
నేను మా ఆయనతో దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్ వెళ్లాను. వేటాడనివాళ్లకు "అబ్జర్వర్" అని రోజుకు వేరే రేటు ఉంటుంది, ముందే అడగండి. జూన్ అక్కడ చలికాలం, తెల్లవారుజామున సున్నాకు దగ్గర. పై కప్పు లేని బండి వెనక కూర్చుంటే చేతులు కొయ్యబారతాయి. చేతి తొడుగులు, ఉన్ని టోపీ తప్పనిసరి. పదింటికల్లా అన్నీ విప్పేయాలి.

చంపే క్షణం చూడలేనేమోనని భయపడ్డాను. రెండు రోజులు క్యాంపులోనే ఉన్నాను. మూడో రోజు ట్రాకర్‌తో నడిచాను. ఎండిపోయిన ఇసుకలో గిట్ట అంచు చూసి, ఇది పొద్దున్నది, ఇది నిన్నటిది అని చెప్తుంటే గంటలు తెలియలేదు. మీ ఆవిడను కూడా నడవమనండి. సాయంత్రం కుడు మాంసం వండారు, నేను తెచ్చుకున్న కారప్పొడి వేసి వాళ్లకూ పెట్టాను.

గోదారిగట్టు:
అక్కా, ఇది చదివి మా ఆవిడ బూట్లు కొనుక్కుంది. మాంసం ఇంటికి తెచ్చుకోవచ్చా?

ముళ్ళకంప:
తేలేరు. బిల్టాంగ్ ఎండుమాంసం కూడా అమెరికాలోకి రానివ్వరు. అది అక్కడి మనుషులకే చేరుతుంది. కొమ్ములు, చర్మం ఉప్పు పట్టించి, మందులో ముంచి, పెట్టెలో సర్ది పంపుతారు. దాన్ని డిప్ అండ్ ప్యాక్ అంటారు. ఆ ఖర్చు, ఓడ లేదా విమానం ఖర్చు, ఇక్కడి క్లియరింగ్ ఖర్చు వాళ్లు ముందు చెప్పే రేటులో ఉండవు, విడిగా అడగండి. నాకు పెట్టె రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. నమీబియాలో హార్ట్‌మన్ కొండ జీబ్రా కొడితే సైటీస్ (అరుదైన జంతువుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) పర్మిట్ కావాలి.

గోదారిగట్టు:
నమీబియాకే అడ్వాన్స్ కట్టాను. పది రోజులు, కుడు, గెమ్స్‌బాక్. మూడు ప్రశ్నలకూ సూటిగా జవాబులొచ్చాయి. నిన్న కర్రల మీద నిలబడి పది కొట్టాను, ప్లేటులో నాలుగే పడ్డాయి.

ముళ్ళకంప:
నాలుగు తక్కువేం కాదు. ఆదివారం ఆదివారం లెక్క ఇక్కడే రాయండి.

గోదారిగట్టు:
ఈ ఆదివారం ఆరు.