దగ్గరగా తగిలించిన మోడల్ రైలు జంట ఇంజన్లను చేత్తో విడదీయడం: పుల్లతోనా, పైకెత్తా?

ఘాట్‌లైన్_కొరాపుట్:
కొత్తవలస–కిరండూల్ లైన్లో ఖనిజం గూడ్సు బండ్లకు రెండేసి, మూడేసి ఇంజన్లు కడతారు గదా. మన కొరాపుట్, జయపురం వైపు 1:87లో (అసలుకి 87వ వంతు కొలతలో) మోడల్ రైలు లేఅవుట్ కట్టేవాళ్లందరికీ ఆ జంటలే మోజు. సందు అసలులాగే కనబడాలని పొట్టి కప్లర్ (రెండు బండ్లని తగిలించే కొక్కెం) వేస్తే, రెండు ముఖాల మధ్య వేలు దూరదు. ఒక ఇంజన్‌ని నిలువుగా పైకెత్తి విడదీయడమే తేలిక అని కొందరంటున్నారు. అది తప్పని నా వాదన. మీరేమంటారు?

రాయగడ_యార్డు:
ఎత్తితే తప్పేముందండీ? కేడీ కంపెనీ తరహా నకిల్ కప్లర్లు (వేళ్ల మడతలా ఒకదాన్నొకటి పట్టుకునేవి) నిలువుగా జారి విడిపోతాయి. ట్రాక్ తిన్నగా ఉండి, ఇంజన్ రెండు కొసలూ ఒక్కసారే లేస్తే చాలు. సెంటీమీటరున్నర ఎత్తితే సరిపోతుంది.

బరంపురం_ట్రాక్:
జారేది తల మటుకే గురువుగారూ. దాని కింద వంకరగా వేలాడే ట్రిప్ పిన్ (అయస్కాంతంతో నకిల్‌ని తెరిచే తీగ) అవతలి నకిల్‌కి తగులుకోవచ్చు. అప్పుడు రెండో ఇంజన్ ముక్కు కూడా లేచి పట్టాలు తప్పుతుంది. నెమ్ 362 పాకెట్‌లో (యూరప్ మోడల్ ప్రమాణం ప్రకారం కప్లర్ తోక దూర్చే గూడు) గుచ్చిన కప్లరైతే తోక ఊడొచ్చి అవతలి ఇంజన్‌కి వేలాడుతుంది. క్లోజ్ కప్లింగ్ మెకానిజం (వంపులో మాత్రం సందు పెంచే అమరిక) ఉంటే మరీ ప్రమాదం, అందులోని సన్నని ప్లాస్టిక్ ముక్క విరిగితే అతికినా నిలవదు. పైగా అంత బరువున్న ఇంజన్‌ని పట్టుకునేది ఎక్కడ? చేతికి ముందు దొరికేవి రెయిలింగులూ, పాంటోగ్రాఫూ.

కబాబు గుచ్చే వెదురు పుల్ల, 3 మి.మీ. లావుది, తీసుకోండి. కొసని ఉప్పుకాగితం మీద అరగదీసి స్క్రూడ్రైవర్ మొనలా చెయ్యాలి: వెడల్పు 2 మి.మీ., మందం అర మి.మీ. పైనుంచి రెండు నకిళ్ల నడుమకి దించి పావు చుట్టు తిప్పితే నకిళ్లు తెరుచుకుంటాయి. ఇనుప స్క్రూడ్రైవర్ మాత్రం వద్దు. అది రెండు పట్టాలకో, రెండు ఇంజన్ల లోహపు ఛాసిస్‌లకో తగిలిందంటే షార్ట్ అవ్వొచ్చు.

ఘాట్‌లైన్_కొరాపుట్:
పుల్ల దూరుతుంది గానీ ఒక్కోసారి తిరగదు. బలం పెడితే ఇంజనే పక్కకి ఒరుగుతుంది.

బరంపురం_ట్రాక్:
కప్లర్ బిగుతుగా ఉంది కాబట్టి. అసలు చిక్కు ఇదే, పుల్లది కాదు. వ్యాగన్‌ని వేలితో నెడితే కదులుతుంది, బిగుతు సడలుతుంది. ఇంజన్ కదలదు. మోటారుకీ ఇరుసుకీ మధ్య వర్మ్ గేర్ ఉంటుంది. మోటారు చక్రాన్ని తిప్పగలదు గానీ చక్రం మోటారుని తిప్పలేదు. చేత్తో నెడితే చక్రాలు తిరగకుండా ఈడ్చుకుపోతాయి, ట్రాక్షన్ టైర్లు (చక్రాలకి పట్టునిచ్చే రబ్బరు పట్టీలు) అరిగిపోతాయి. రెండు మోటార్ల వేగం రవ్వంత తేడాగా ఉన్నా, ఆగేటప్పటికి నకిళ్లు లాగుడులోనో ఒత్తిడిలోనో బిగుసుకునే ఉంటాయి.

కాబట్టి ముందు కంట్రోలర్‌తో సడలించాలి. డీసీసీలో (ఒక్కో ఇంజన్‌ని దాని నంబరుతో నడిపే డిజిటల్ పద్ధతి) జంటని సీవీ19తో (ఇంజన్ డీకోడర్‌లో జంట నంబరు దాచే సెట్టింగ్) కలిపారా? అయితే వెనక ఇంజన్‌లో దాన్ని 0 చెయ్యండి. లేకపోతే సొంత నంబరుకి అది కదలదు. తర్వాత లాగుడులో ఉంటే ముందుదాని వైపుకీ, ఒత్తిడిలో ఉంటే ఎడంగానూ, ఒకటో వేగం మెట్టు మీద 1 మి.మీ. జరపండి. సీవీ3, సీవీ4 పెద్ద విలువల్లో ఉంటే కదలడమూ ఆగడమూ ఆలస్యమవుతాయి, ఆ పనికి తగ్గించుకోవాలి. మామూలు డీసీలో రెండూ ఒక్కసారే కదులుతాయి కనుక ఒక పట్టాకి కోత పెట్టి, స్విచ్చుతో కరెంటు ఆపగల ముక్క ఒకటి కావాలి. అసలు ఇంజన్ పొడవు 20 మీటర్ల చిల్లర, మన లెక్కలో 23 సెం.మీ.; ముక్క 30 సెం.మీ. ఉంచండి.

రాయగడ_యార్డు:
వర్మ్ గేర్ సంగతి ఒప్పుకుంటున్నాను. ట్రాక్ కింద అయస్కాంతం పెడితే పుల్ల కూడా అక్కర్లేదు కదా?

బరంపురం_ట్రాక్:
దానికీ కప్లర్ సడలే ఉండాలి. ట్రిప్ పిన్ పట్టా పైఅంచుకి 0.8 మి.మీ. ఎత్తున ఉండాలి. పాయింట్ల (ట్రాక్ చీలే చోట్ల) దగ్గర తగులుతోందని చాలామంది ఇంజన్లకి పిన్ కోసేస్తారు. కోశాక అయస్కాంతం పనిచెయ్యదు.

పర్లాకిమిడి_నేరోగేజ్:
ఎప్పుడూ కలిసే తిరిగే జంటకి కప్లర్ దేనికండీ? మా నౌపడ–గుణుపురం పాత లైను 762 మి.మీ. గేజ్, దాన్ని 9 మి.మీ. ట్రాక్ మీద కడుతున్నాం. ఆ చిన్న ఇంజన్లకి డ్రాబార్ (రెంటినీ కలిపే పట్టీ) హాయి. 1.5 మి.మీ. స్టైరీన్ ప్లాస్టిక్ పట్టీకి రెండు చిల్లులు, అంతే. ఇత్తడి పట్టీ వద్దు. రెండు ఛాసిస్‌లు చెరో పట్టాకి కలిసి ఉంటే షార్ట్.

ఘాట్‌లైన్_కొరాపుట్:
ఘాట్ ఎక్కాక ఒక ఇంజన్‌ని విడిచిపెట్టే ఆట ఆడాలంటే డ్రాబార్ కుదరదు. నా లేఅవుట్‌కి ఇంకో అడ్డంకి, పైన కరెంటు తీగ.

బరంపురం_ట్రాక్:
తీగ ట్రాక్ నడిమధ్యనే ఉంటుంది కనుక పుల్లని పక్కనుంచి ఏటవాలుగా దించండి. మొన కూడా ఆ వాలుకి తగ్గట్టు అరగదీయాలి. విడదీసే చోటు అంచు నుంచి 40 సెం.మీ. లోపు, స్తంభం లేని చోట ఉండాలి. అప్పటికీ పుల్ల ఆడకపోతే సందు కాస్త వదులుకోండి: కేడీ 17 నెమ్ పొట్టిది, 18 మధ్యరకం. ఒక్క ఇంజన్‌కి 18 వేస్తే చాలు. 360 మి.మీ. వ్యాసార్ధం ఉన్న వంపులో బఫర్లు ఒకదాన్నొకటి పట్టేసే బాధ కూడా తగ్గుతుంది. నకిల్‌కి నూనె పెట్టకండి, దుమ్ము పట్టి బిగుసుకుంటుంది. పొడి గ్రాఫైట్ చిటికెడు చాలు.

రాయగడ_యార్డు:
17, 18 కలిపి వేసి, సీవీ19 సంగతి కూడా చూస్తాను. డ్రాబార్ మీద మాత్రం పర్లాకిమిడి వారి మాటే నాది, యార్డులో విడదీయని జంటలకి.