గర్భిణుల షుగర్ టెస్టు: పరగడుపున వెళ్లాలా, తిని వెళ్లాలా?

నర్సంపేట చెల్లె:
అక్కలూ, ఒక సలహా చెప్పండి. నాకు 25వ వారం నడుస్తోంది. పోయిన వారం గ్లూకోజ్ టెస్టుకని, మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా తెల్లవారుజామునే హన్మకొండ బస్సెక్కాను. ల్యాబులో నా వంతు వచ్చేసరికి పదయింది. గ్లూకోజ్ నీళ్లు తాగిన పదిహేను నిమిషాలకే వాంతి. మళ్లీ రమ్మన్నారు. మా ఊరి ఆశా అక్కేమో పీహెచ్‌సీలో తిని వచ్చినా చేస్తారంటోంది. తింటే రిపోర్టు తప్పు రాదా? మా అత్తమ్మదేమో ఇంకో మాట. మూడు రోజులు అన్నం మానేసి పోతే నార్మల్ వస్తదట. ఒకటే టెన్షన్‌గా ఉంది.

కాజీపేట అక్క:
పరగడుపునే చేయించుకో చెల్లె. నా సంగతే చూడు. ఏమీ తినకముందు తీసిన రక్తంలో 98 వచ్చింది, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 131. పరగడుపున 92 వచ్చినా చాలు, గర్భంలో షుగర్ కింద లెక్క. నేను తిని వెళ్లి ఉంటే ఆ 131 చూసి, బాగానే ఉందని పంపేసేవాళ్లు. బిడ్డ కోసం ఒక్క పూట ఓర్చుకోలేమా?

పరకాల ఏఎన్ఎం:
కాజీపేట అక్క చెప్పింది నిజమే. పరగడుపు షుగర్ మాత్రమే ఎక్కువుండేవాళ్లు తిన్నాక చేసే టెస్టులో తప్పిపోవచ్చు. కానీ "ఒక్క పూట ఓర్చుకోలేమా" అన్నచోట నాకు మనసు కలుక్కుమంది. రెండు బస్సులు మారి వచ్చే అమ్మాయి ఒకసారి కళ్లు తిరిగి పడిపోయిందంటే రెండోసారి రాదు. రానిదానికి ఏ పద్ధతైతే ఏం లాభం? కేంద్ర ఆరోగ్య శాఖ 2018 మార్గదర్శకాల్లో తిన్నా తినకపోయినా చేయొచ్చని ఉంది. 75 గ్రాముల గ్లూకోజ్ 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తాం. గటగటా కాకుండా ఐదు పది నిమిషాల్లో తాగాలి. రెండు గంటలకు 140 గానీ అంతకు మించి గానీ వస్తే షుగర్ ఉన్నట్టే. అరగంటలోపు వాంతయితే మర్నాడు మళ్లీ చేస్తాం, అరగంట దాటాక అయితే టెస్టు ఆపం. ఆ రెండు గంటలూ కూర్చునే ఉండు, తిరగకు.

అన్నం సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నా, మానొద్దు. ముందు రోజుల్లో అన్నం, రొట్టె బాగా తగ్గిస్తే ఒంట్లో గ్లూకోజ్‌ను సర్దుకునే తీరు మారి, లేని షుగర్ ఉన్నట్టు కూడా రావచ్చు. రోజూ ఏం తింటావో అదే తిను. అత్తమ్మ నీ మీద ప్రేమతోనే అంటోంది, కానీ మనకు కావాల్సింది నార్మల్ రిపోర్టు కాదు, నిజం రిపోర్టు. షుగర్ కనిపెట్టకపోతే బిడ్డ మరీ బరువు పెరిగి కాన్పు కష్టం కావచ్చు, పుట్టాక బిడ్డకు షుగర్ పడిపోవచ్చు.

కాజీపేట అక్క:
బస్సు కష్టం నేను ఆలోచించలేదు, ఆ మాట అనకుండా ఉండాల్సింది. అయినా ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకు పరగడుపు రక్తం కూడా తీయాలనే అంటాను.

పరకాల ఏఎన్ఎం:
అందులో నీతో నాకు పేచీ లేదు అక్కా. చెల్లె, మీ అమ్మకో నాన్నకో షుగర్ ఉందా?

నర్సంపేట చెల్లె:
అమ్మకు ఉంది. ఎల్లుండి మామూలుగా తిని ఆశా అక్కతో పీహెచ్‌సీకి పోతా. అమ్మ సంగతి డాక్టరమ్మకు చెప్పి, పరగడుపు టెస్టు కూడా రాయమని అడుగుతా.