కింగ్ ఫిలిప్ యుద్ధం (1675): అసలు గొడవ ఎక్కడ మొదలైంది?

ప్రావిడెన్స్_పద్మ: మా పాపకి స్కూల్లో ఈ యుద్ధం మీద ప్రాజెక్టు ఇచ్చారు. పుస్తకంలో సస్సమన్ అనే మూలవాసి హత్య, ముగ్గురికి ఉరి, వెంటనే యుద్ధం అని తేల్చేశారు. 1621లో వాంపనోగ్ తెగ నాయకుడు మసాసోయిట్ ప్లిమత్ వలసలోని ఇంగ్లీషు వాళ్లతో ఒప్పందం చేసుకుంటే, ఆయన కొడుకు మెటాకమే (ఇంగ్లీషు వాళ్లు కింగ్ ఫిలిప్ అన్నది ఈయన్నే) వాళ్ల మీద ఎందుకు తిరగబడ్డాడు? ఇంకోటి, రోడ్ ఐలండ్‌లో ఆయన ఉన్న చోటు మౌంట్ హోప్ దగ్గర పిల్లలకి చూపించడానికి ఏమైనా ఉందా?

రైతుబిడ్డ_నల్గొండ: హత్య సంగతి పక్కన పెట్టండి. అసలు గొడవ పశువులది. ఇంగ్లీషు వాళ్లు ఆవుల్ని, పందుల్ని ఊరి మీద వదిలేసేవాళ్లు. అవి వెళ్లి వాంపనోగ్‌ల మొక్కజొన్న చేలో పడేవి. పైగా కంచె మీరే కట్టుకోండి అనేవాళ్లు. పంట మేసిన గొడ్డుని బందెలదొడ్డికి తోలడం ఎందుకో మాకు ఒకరు చెప్పక్కర్లేదు.

చరిత్ర_మాస్టారు: అమెరికా చరిత్రలో ఎం.ఏ. చేసినవాడిగా చెబుతున్నా, పందుల వల్ల యుద్ధాలు రావు. భూమి, అధికారం. 1667లో ఇంగ్లీషు వాళ్ల స్వాన్సీ ఊరు సరిగ్గా మౌంట్ హోప్ గుమ్మంలో వెలిసింది. 1671లో మెటాకమ్‌ని టాంటన్ ఊరికి పిలిపించి తుపాకులు అప్పగించమని సంతకం పెట్టించారు. అదే ఏడాది 100 పౌండ్ల జరిమానా కూడా. బీవర్ చర్మాల వ్యాపారం పడిపోయింది, వాంపమ్ (గవ్వలతో చేసిన) పూసలు డబ్బుగా చెల్లడం మానేశాయి. ఇక అమ్ముకోడానికి భూమి తప్ప ఏం మిగిలింది?

రైతుబిడ్డ_నల్గొండ: మాస్టారూ, మెటాకమ్ తన నోటితో చెప్పిన ఫిర్యాదే అది. 1675 జూన్‌లో రోడ్ ఐలండ్ డిప్యూటీ గవర్నర్ జాన్ ఈస్టన్ వెళ్లి కూర్చుని మాట్లాడి రాసిపెట్టాడు. భూమి అమ్మేసి ముప్పై మైళ్లు దూరం జరిగినా ఇంగ్లీషు గొడ్లు వచ్చి పంట పాడుచేస్తున్నాయన్నారు. ఎం.ఏ.లో ఇది లేదా?

చరిత్ర_మాస్టారు: ఉంది. అందులోనే తాగించి భూమి రాయించుకున్నారనీ ఉంది, మీరు గొడ్ల దగ్గరే ఆగిపోయారు. మీ మెటాకమ్ కూడా పందులు పెంచాడు! 1669లో హాగ్ ఐలండ్ నుంచి ఆయన పందుల్ని తీసేయమని పోర్ట్స్‌మత్ ఊరివాళ్లు అడిగారు.

రైతుబిడ్డ_నల్గొండ: అదే కదా నేనంటున్నది! వాళ్ల పందులు ఎక్కడైనా తిరగొచ్చు, ఆయనవి మాత్రం దీవి మీద కూడా ఉండకూడదు. మీ వాదన మీరే కూలగొట్టుకున్నారు.

మార్ల్‌బరో_మూర్తి: కంచె అంటే గుర్తొచ్చింది. మా పక్కింటాయన మా స్థలంలోకి రెండడుగులు జరిపి ఫెన్స్ వేశాడు. అడిగితే పాత ప్లాన్ చూపిస్తున్నాడు. టౌన్ హాల్‌కి వెళ్లాలా, లాయర్ దగ్గరికా?

సందేహి: మూర్తి గారూ, వేరే చర్చ పెట్టుకోండి ప్లీజ్.

సస్సమన్ విషయం అందరూ దాటేశారు. హార్వర్డ్‌లో కొన్నాళ్లు చదివాడు, మెటాకమ్ దగ్గర రాతకోతలు చూశాడు. తర్వాత ప్లిమత్ గవర్నర్ జొసయా విన్స్లో దగ్గరికెళ్లి మెటాకమ్ యుద్ధానికి సిద్ధమవుతున్నాడని చెప్పాడు. 1675 జనవరిలో అసావంప్సెట్ చెరువులో మంచు కింద శవమై తేలాడు. చంపుతుంటే చూశానన్నది పటక్సన్ ఒక్కడే. ఆ మాట మీద ముగ్గురికి శిక్ష వేసి జూన్ 8న ఉరి తీశారు. ఒకడికి తాడు తెగింది. అప్పుడు నేరం మిగతా ఇద్దరి మీదకి తోశాడు, అయినా తర్వాత కాల్చి చంపారు. అసలు హత్యేనా, మంచు విరిగి పడిపోయాడా?

వరంగల్_వాణి: జ్యూరీలో ఆరుగురు ఇండియన్లు (అంటే అక్కడి మూలవాసులు) కూడా కూర్చున్నారు, వాళ్లూ ఒప్పుకున్నారు. ఉత్తినే కట్టుకథ అనకండి.

సందేహి: కూర్చోబెట్టారు, నిజమే. అసలు జ్యూరీ పన్నెండుమంది ఇంగ్లీషువాళ్లు, వీళ్లు సలహాకి. ఈస్టన్ రాసిన ఫిర్యాదుల్లో ఇదీ ఉంది చూడండి: ఇంగ్లీషువాడు అన్యాయం చేశాడని ఇరవైమంది మంచి ఇండియన్లు చెప్పినా చెల్లదు, ఇంగ్లీషువాళ్లకి నచ్చితే పనికిమాలినవాడొక్కడు చెప్పినా చాలు.

వరంగల్_వాణి: సరే, మెటాకమ్ అన్నయ్య సంగతి ఎవరూ ఎత్తరేం? మెటాకమ్ కంటే ముందు ఆ అన్నయ్య వంసుట్టాయే నాయకుడు. 1662లో విన్స్లో మనుషులతో వెళ్లి ఆయన్ని పట్టుకొచ్చాడు. ఆ ప్రయాణంలోనే జబ్బుపడి చనిపోయాడు. విషం పెట్టారని తమ్ముడికి అనుమానం. ఆ విన్స్లోయే తర్వాత గవర్నర్! పదమూడేళ్లు ఆ కోపం కడుపులో పెట్టుకున్న మనిషికి గొడ్లూ పందులూ లెక్కా?

రైతుబిడ్డ_నల్గొండ: విషానికి రుజువు లేదు మేడమ్.

వరంగల్_వాణి: రుజువు ఉందని నేనన్నానా? ఆయన నమ్మాడన్నాను. చదివి జవాబివ్వండి.

చరిత్ర_మాస్టారు: ఇక్కడ ప్రతివాడూ చరిత్రకారుడే.

మోడరేటర్: వ్యక్తిగత మాటలొద్దు. ఇంకోసారైతే తాళం వేస్తాను.

సందేహి: ఇంకొక్కటి. ఈస్టన్ మధ్యవర్తుల్ని పెట్టుకుందామన్నాడు: న్యూయార్క్ గవర్నర్ ఒకరు, ఇండియన్ రాజు ఒకరు. మెటాకమ్ మనుషులు ఆ మాట బాగుందన్నారు కూడా. కొద్దిరోజులకే స్వాన్సీలో ఇళ్లు తగలబడ్డాయి. కాబట్టి యుద్ధం తప్పనిసరి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ప్రావిడెన్స్_పద్మ: అందరికీ థాంక్స్, అన్నిటికంటే పందుల గొడవే పాపకి నచ్చింది. మౌంట్ హోప్ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

వరంగల్_వాణి: పద్మ గారూ, 1676 ఆగస్టు 12న మెటాకమ్‌ని కాల్చి చంపింది ఆ చుట్టుపక్కలే. చాలాకాలం ఆ భూమి బ్రౌన్ యూనివర్సిటీ చేతిలో ఉండేది. 2024లో కొంత పొకనోకెట్ అనే మూలవాసి తెగ వాళ్ల ట్రస్టుకి రాసిచ్చారు. లోపలికి రానిస్తారో లేదో ముందే కనుక్కుని వెళ్లండి.

మార్ల్‌బరో_మూర్తి: పనిలో పనిగా, ఎవరికైనా మంచి సర్వేయర్ తెలిస్తే మెసేజ్ పెట్టండి.