‘బోటర్‌వ్లోట్’ అంటే వెన్న నౌకాదళమా?

ప్రశ్న: 18వ శతాబ్దపు డెల్ఫ్ట్ (నెదర్లాండ్స్‌లోని ఊరు) పాత్ర ఒకదానికి తెలుగు వివరణ రాస్తున్నాను. అడుగు భాగం అల్లిన గూడు, మూత గూట్లో కూర్చున్న పిట్ట. డచ్చి పేరు ‘బోటర్‌వ్లోట్’. బోటర్ అంటే వెన్న, సరే. ‘వ్లోట్’కి నిఘంటువులో నౌకాదళం అని ఉంది. ఏం రాయాలి?

– నౌకాదళం కాదండి. లోతు తక్కువగా, వెడల్పుగా ఉండే తొట్టికి ‘వ్లోట్’ అనేది పాత మాట. విడిగా వాడుక పోయినా ఈ సమాసంలో బతికింది. ‘వెన్న’లో తెలుపుకి సంబంధించిన ‘వె’ మనం గమనించకుండానే ఉన్నట్టు (వెల్ + నెయ్). ఇప్పటికీ అక్కడ మామూలు వెన్నగిన్నె పేరు ఇదే. ‘వెన్నగిన్నె’ అనండి, చాలు.

– పిట్ట నెత్తిన వెనక్కి వంగిన సన్నటి జుట్టుంటే అది ‘కీవిట్’, మన తీతువుకి దాయాది. రెండు పేర్లూ కూతలోంచి పుట్టినవే. కాకపోతే తీతువు అరుపు మనకు అపశకునం. అక్కడ దాని తొలి గుడ్డు దొరికితే వసంతం వచ్చినట్టు. కాబట్టి ‘జుట్టు తీతువు’ అని రాసి, ఈ తేడా ఒక ముక్క చెప్పండి.

– ‘పింగాణీ’ అని మాత్రం రాయకండి. ఇది మట్టిపాత్ర. అచ్చుల్లో ఒత్తి, ముక్కలను పలచటి బంకమట్టితో అతికి, ఆరబెట్టి, సుమారు 1000 డిగ్రీల వేడిలో ఒకసారి కాలుస్తారు. తర్వాత తగరం కలిపిన తెల్ల గ్లేజులో (కాలిస్తే గాజులా మెరిసే పూత) ముంచి, ఆరాక మిగిలే ఆ పచ్చి పొడి మీదే రంగులు వేస్తారు. నీలానికి కోబాల్టు, ఊదాకు మాంగనీసు. పొడి రంగును వెంటనే పీల్చేస్తుంది, తప్పిన గీతను దిద్దలేరు. మళ్ళీ కాలుస్తారు. మూతా గిన్నే ఆనుకునే అంచుల్లో గ్లేజు తుడవకుండా కలిపి కాలిస్తే అతుక్కుపోతాయి. కాలేటప్పుడు వంకర తిరిగితే మూత కూర్చోదు.

– ఆవకాయ జాడీని అందరం పింగాణీ జాడీ అనే అంటాం కదండీ? 1653లో మొదలైన డెల్ఫ్ట్ కార్ఖానా పేరు కూడా ‘పోర్సెలేనె ఫ్లెస్’, అంటే పింగాణీ సీసా!

– వాడుకలో తప్పులేదు. వివరణలో మాత్రం తేడా తెలియాలి. ముక్కు, తోక, మూత అంచు చూడండి. గ్లేజు పెచ్చులూడిన చోట లేత గోధుమరంగు మట్టి కనిపిస్తుంది. పింగాణీ అయితే విరిగిన చోట కూడా తెల్లగానే ఉంటుంది. ‘జుట్టు తీతువు మూత వెన్నగిన్నె, తగరపు గ్లేజు మట్టిపాత్ర, డెల్ఫ్ట్’ అని రాస్తే సరిపోతుంది.